తూనికతో చదివిన లిపి

మా కేంద్రమునుండి ఆరోగ్య విషయములపై ప్రసంగము ప్రసారమైనప్పుడెల్ల, తరువాత వచ్చు ఉత్తరములలో ఒక ప్రశ్న కనుపించుచుండును. రక్తపరీక్ష కాగితముపై ‘ప్రొటీను’ అని వ్రాసి దాని ప్రక్క ఒక సంఖ్య వేయుదురు గదా, ఆ ప్రొటీను ఏదో ఎట్టిదో పరీక్షించువారికి ఎట్లు తెలియును అని. మొత్తము ఎంత యున్నదో చెప్పుట కష్టము గాదు. ఒక రంగుమందు కలిపి, రంగు ఎంత చిక్కగా వచ్చినదో చూచి చెప్పుదురు. ఆ మొత్తములో ఏయే ప్రొటీనులున్నవో పేరుపేరున చెప్పుటయే కష్టము. అది నేర్చుటకు శాస్త్రజ్ఞులకు నూరేండ్లకు తక్కువ గాని కాలము పట్టినది. ఆ నూరేండ్ల కథలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన విషయ మొకటి కలదు. ఈ పనికై వాడు యంత్రము ఒక త్రాసు మాత్రమే. త్రాసు తూకము చెప్పును గాని పేరు చెప్పదు. పేరు తెలియవలెనన్న ఎవరో ఒకరు ముందుగా పట్టిక వ్రాసి యుంచవలెను; ఆ పట్టికలో వెదకినవారు తాము పొరబడలేదని తమకు తామే రుజువు చేసికొనవలెను.

ప్రొటీనులను మనవారు మాంసకృత్తులని అందురు. పేరును బట్టి మాంసములో మాత్రమే యుండునని తలపరాదు. కందిపప్పులోను, పాలలోను, మన గోళ్లలోను, రక్తమునకు ఎరుపు నిచ్చు పదార్థములోను ఉన్నవి ఇవియే. ప్రతి ప్రొటీను ఒక పొడవైన గొలుసు. గొలుసులోని కడియములు ఎమైనో ఆమ్లములు. వాటిలో ముఖ్యమైనవి ఇరువది రకములు. ఇరువది అక్షరములతో వ్రాసిన పదముల వలె ప్రొటీనులను భావింపవచ్చును. ఏ అక్షరము తరువాత ఏ అక్షరము వచ్చునో దానిని బట్టియే ప్రొటీను గుణము ఏర్పడును.

ఈ పదములలో ఒకదానిని మొట్టమొదట పూర్తిగా చదివినవాడు కేంబ్రిడ్జిలోని ఫ్రెడరిక్ సాంగర్. మధుమేహరోగులకు ఇచ్చు ఇన్సులిన్‌లో 51 అక్షరము లున్నవి. వాటి క్రమమును అతడు 1955 నాటికి తేల్చెను. అందుకై అతడు పడిన శ్రమ ఇంచుమించు పది సంవత్సరములది. 1958లో నోబెల్ బహుమానము లభించెను. గొలుసును ఒకచోట గాక పలుచోట్ల, పలువిధముల త్రుంచి, ఆ ముక్కలను వేర్వేరుగా చదివి, ఒక ముక్క చివర మరియొక ముక్క మొదటితో ఎచ్చట కలియునో చూచి అతికించుట ఆయన పద్ధతి. తాళపత్రములను పరిష్కరించినవారికి ఈ పని క్రొత్తగా తోచదు. కడపలో బ్రౌనుదొర పండితులను కూర్చుండబెట్టి, చిల్లులు పడిన ప్రతులను ఒకదానితో నొకటి పోల్పించి పద్యములను నిలబెట్టించినది ఈ తీరుననే గదా!

ఒక్క పదమునకు పదేండ్లు పట్టినచో జీవకోటి గ్రంథమును ఎవరు చదువగలరు? ఈ ప్రశ్న మార్గరెట్ డేహాఫ్ అను విదుషీమణికి కలిగినది. ఈమె అమెరికాలో 1925లో జన్మించెను. చదివినది రసాయనశాస్త్రము. 1948లో కొలంబియా విశ్వవిద్యాలయమున పరిశోధన పట్టము నందినప్పుడే, వ్యాపారసంస్థలు లెక్కలకు వాడు రంధ్రముల కార్డుల యంత్రములతో అణువుల గణితము చేసియుండెను. 1960 తరువాత మేరీలాండు రాష్ట్రములోని సిల్వర్ స్ప్రింగ్‌లో ఒక పరిశోధన సంస్థ యందు రాబర్ట్ లెడ్లీతో కలిసి పనిచేసెను. వీరిద్దరును 1962లో కాంప్రొటీన్ అను కార్యక్రమమును ప్రకటించిరి. రేడియో కార్యక్రమము గాదు, కంప్యూటరునకు ఇచ్చు ఆజ్ఞల వరుస అని పాఠకులు గ్రహింపగలరు. సాంగర్ వంటివారు కాగితముపై చేయు అతుకుల పనిని అది ఐ.బి.ఎం. 7090 యంత్రముచే కొలది నిమిషములలో చేయించును. జీవశాస్త్రమునకై కంప్యూటరును వినియోగించిన తొలి యత్నములలో ఇది యొకటి.

అంతటితో ఆమె ఊరకుండలేదు. నానా దేశముల పత్రికలలో చెల్లాచెదరుగా పడియున్న ప్రొటీను క్రమములను ఏరి, తప్పులు సరిచూచి, 1965లో ఒక పుస్తకముగా అచ్చు వేయించెను. అందులో నున్నవి 65 ప్రొటీనులు మాత్రమే. ఇప్పుడు చూచినచో చేతిపుస్తకము వంటిది. కాని అంతకుముందు అట్టి పట్టిక లోకమున లేదు. ఎమైనో ఆమ్లములకు అప్పటివరకు మూడక్షరముల సంకేతములు వాడుకలో నుండగా, కార్డులలో చోటు కలిసివచ్చుటకై ఈమె ఒక్కొక్క దానికి ఒక్కొక్క రోమను అక్షరము వాడెను. ఫినైల్ ఎలనీనునకు మొదటి అక్షరము గాక, ధ్వనిని బట్టి ‘ఎఫ్’ ఇచ్చుట వంటి చమత్కారములు ఆ వర్ణమాలలో ఉన్నవి. ఈనాటికిని ప్రపంచమంతట అదియే వాడుదురు. ఇతరులు చెమటోడ్చి కనుగొన్న వానిని ఏరి అచ్చు వేయుట కూడ శాస్త్రమేనా అని ఆక్షేపించినవారును లేకపోలేదు. నిఘంటుకర్తలు ఏ దేశమునందైనను వినవలసిన మాటయే అది. 1983లో ఆమె మరణించెను. ఆమె పట్టిక చేతులు మారి, పెరిగి, 2002లో ఐరోపా సంస్థల పట్టికలతో కలిసి యూనిప్రాట్ అను మహాకోశముగా మారినది. అందులోని క్రమములు ఇప్పుడు కోట్లలో ఉన్నవి.

పట్టిక కథ ఇది. ఇక త్రాసు కథ.

ఇదియు కేంబ్రిడ్జిలోనే మొదలైనది. జె. జె. థామ్సన్ 1912, 13 సంవత్సరములలో నియాన్ వాయువు కణములను విద్యుత్తుతో తరిమి, అయస్కాంతము ప్రక్కగా పోనిచ్చి, అవి రెండు త్రోవలుగా చీలుట కనుగొనెను. బరువైన కణము తక్కువగాను, తేలికైనది ఎక్కువగాను వంగును. ఒకే నియాన్‌లో 20 తూకము గలవియు 22 తూకము గలవియు ఉండుటచే రెండు త్రోవలు ఏర్పడినవి. అతని శిష్యుడు ఫ్రాన్సిస్ ఆస్టన్ 1919లో ఆ ఉపకరణమును మెరుగుపరచి ఎన్నో మూలకముల పరమాణువులను తూచి, 1922లో నోబెల్ బహుమానము పొందెను. మాస్ స్పెక్ట్రోమీటరు అని మనము వినుచున్న యంత్రము దీని సంతతియే. దీనికి ఒక నియమము కలదు. తూచవలసిన వస్తువు గాలిలేని గదిలో ఎగురవలెను. ఎగురుటయే గాక విద్యుదావేశము ధరించి యుండవలెను. నియాన్ వాయువే కనుక సులభముగా ఎగిరినది. ప్రొటీను అట్లు ఎగురునా? కోడిగ్రుడ్డు తెల్లసొనను పెనముపై వేసి వేడి చేసినచో ఆవిరి యగునా, గట్టిపడునా? ప్రతి వంటయింటిలోను ఈ ప్రయోగము జరుగుచునే యున్నది.

ఎగురని వానిని వదలి, ముందుగా చిన్న ముక్కలను ఎగిరించిరి. ఆస్ట్రియాలో జన్మించి, అమెరికాలో ఎం.ఐ.టి.లో పనిచేసిన క్లౌస్ బీమన్ 1959లో కొలది ఎమైనో ఆమ్లముల గొలుసులను, అనగా పెప్టైడులను, రసాయనికముగా మార్చి ఆవిరి కాదగినవిగా చేసి తూచెను. యంత్రములో అవి విరిగి ముక్కలగును. ఒక ముక్కకును దాని తరువాతి ముక్కకును గల తూకపు తేడా ఒక అక్షరపు తూకము. కనుక తేడాలను వరుసగా చూచుకొని పోయినచో పదము వచ్చును. 1966లో బీమన్ బృందము ఈ తీసివేతల పనిని కంప్యూటరునకు అప్పగించెను. త్రాసును గణనయంత్రమును ప్రొటీనుల విషయమున కలిసి పనిచేయుట అప్పుడే ఆరంభమైనదని చెప్పవచ్చును.

తూకమును బట్టి చదువుట ఎంత సులభమో అంత మోసకరమని ఇచ్చట చెప్పవలసియున్నది. ఉదజని పరమాణువు తూకము ఒకటి యనుకొన్నచో, గొలుసులో గ్లైసీను తూకము 57, ఎలనీను 71, సెరీను 87, వేలీను 99, ట్రిప్టోఫాను 186. ఇప్పుడు యంత్రము 186 తేడా చూపినదనుకొందము. అది ట్రిప్టోఫాను కావచ్చును. సెరీను, వేలీను జంట కావచ్చును. 87, 99 కలిపినను 186 గదా. 57 గల గ్లైసీను, 129 గల గ్లుటామిక్ ఆమ్లము జంట యైనను అంతే. 71 గల ఎలనీను, 115 గల ఆస్పార్టిక్ ఆమ్లము జంటయు అంతే. దశాంశములు చూచునంతటి సున్నితమైన త్రాసు అయినచో వీనిని కొంత వేరుచేయవచ్చును. కాని లూసీను, ఐసోలూసీను అను రెండు అక్షరములు రవంత తేడా లేక ఒకే తూకము గలవి. ఒకే పరమాణువులు, అమరిక మాత్రము వేరు. వానిని తూచి వేరుచేయుట ఎంతటి త్రాసునకును సాధ్యము గాదు. సంధి విడదీయుటలో పొరబడి అర్థమును అనర్థము చేయుట మనకు తెలిసినదే. ఇచ్చటను అదియే ప్రమాదము.

పెద్ద ప్రొటీనులను ఎగిరించు ఉపాయము తేలుటకు మరి ఇరువది యేండ్లు పట్టినది. జపానులో క్యోటో నగరమందలి షిమాజు సంస్థలో కొయిచీ తనాకా అను యువకుడు ఉద్యోగి. విద్యుత్ ఇంజనీరింగు పట్టభద్రుడు. రసాయనశాస్త్రము అతని విద్య గాదు, డాక్టరు పట్టమును లేదు. కోబాల్టు లోహపు అతిసూక్ష్మమైన పొడిని ద్రవములో కలిపి, దానిలో పెద్ద అణువులను ఉంచి, లేజరు కాంతితో తాకి ఎగిరించుటకు అతడు ప్రయత్నించుచుండెను. 1985లో ఒకనాడు వాడదలచిన ద్రవమునకు బదులు పొరపాటున గ్లిజరిన్ కలిపెను. పొరపాటు వెంటనే తెలిసినది. కాని ఆ పొడి ఖరీదైనది, పారబోయుటకు మనసొప్పలేదు. గ్లిజరిన్ ఇగిరిపోవునులే యని, త్వరగా ఇగురుటకు లేజరు వేయుచు, ఊరక కూర్చుండనేల యని యంత్రపు గీతను చూచుచుండెను. అంతకు ముందెన్నడు కనబడని గుర్తు ఆ గీతలో కనుపించెను. అణువు విరుగకుండ ఎగిరినది! 2002లో నోబెల్ బహుమానము వచ్చునప్పటికి అతనికి 43 ఏండ్లు.

ఆ సంవత్సరపు రసాయనశాస్త్ర బహుమానమును పంచుకొన్నవారిలో మరియొకడు అమెరికావాసి జాన్ ఫెన్. యేల్ విశ్వవిద్యాలయములో 70 ఏండ్లు నిండుటచే 1987లో ఆయన నిబంధన ప్రకారము విరమించవలసి వచ్చెను. ఆయన పేరు నిలిపిన పని ఆ విరమణ కాలమందే లోకమునకు తెలిసినది. ప్రొటీను కలిసిన నీటిని సన్నని గొట్టమునుండి విద్యుత్తుతో తుంపరలుగా చిమ్మినచో, తుంపర ఇగిరిన కొలది ఆవేశములన్నియు లోపలి ప్రొటీనుపైకి చేరును. ఒక అణువుపై ఇరువది, ముప్పది ఆవేశములు కూర్చుండును. యంత్రము చూచునది తూకమును ఆవేశముల సంఖ్యతో భాగింపగా వచ్చిన ఫలమును గనుక, మహాభారమైన ప్రొటీను సైతము సామాన్యమైన యంత్రపు కొలతకు లొంగును. 1988లో ఈ ఫలితములను ఆయన ప్రకటించెను. తన నోబెల్ ఉపన్యాసమునకు అణువులలోని ఏనుగులకు రెక్కలు తొడుగుట అను భావము గల శీర్షిక పెట్టుకొనెను. లేజరు పద్ధతిలో ప్రయోగశాలలు ఎక్కువగా స్వీకరించినది జర్మనీకి చెందిన హిల్లెన్‌క్యాంప్, కారస్ అనువారు రూపొందించిన విధానమును. వారికి ఆ బహుమానములో పాలు లేకపోయెను. అది న్యాయమేనా అని శాస్త్రజ్ఞులు వాదించుకొనిరి. మాకును అది కొరతగానే తోచుచున్నది.

ఈ లేజరు త్రాసు ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల ప్రయోగశాలలలో ఉన్నది. రోగి రక్తమునుండి పెంచిన సూక్ష్మజీవిని దానిలో పెట్టినచో కొలది నిమిషములలో జాతి పేరు తెలియును. పూర్వము అందుకే ఒక దినమో రెండు దినములో పట్టెడిది. అయితే అక్కడను పేరు చెప్పునది పట్టికయే. రక్తవిరేచనములు కలిగించు షిగెల్లా యను జీవికిని, మన ప్రేగులలో సాధారణముగా నుండు ఇ. కోలై అను జీవికిని ప్రొటీను తూకములు అంత దగ్గరగా ఉండుటచే ఈ త్రాసు వానిని తడబడును. వైద్యులు వేరు పరీక్షలు చేయింతురు.

త్రాసు సిద్ధము, పట్టిక సిద్ధము. రెంటిని కలుపుట మిగిలినది. ట్రిప్సిన్ అను జీర్ణరసము ప్రొటీను గొలుసును లైసీను, ఆర్జినీను అను రెండు అక్షరముల తరువాతనే తెంచును. పట్టికలోని ప్రతి ప్రొటీనును కంప్యూటరు అదే నియమముతో మనసులో తెంచినట్లు తెంచి, ముక్కల తూకములు లెక్కకట్టి, త్రాసు చూపిన తూకములతో పోల్చవచ్చును గదా! ఈ ఆలోచన 1993లో వేర్వేరు చోట్ల ఐదు బృందములకు తోచి, ఐదును ఆ సంవత్సరమే ప్రకటించినవి. మరుసటి యేట సియాటిల్‌లో జాన్ యేట్స్, జిమ్మీ ఎంగ్, మెకార్మాక్ అనువారు ఒక అడుగు ముందుకు వేసి, ఒక్కొక్క పెప్టైడును యంత్రములోనే విరిచి, ఆ విరుగుళ్ల చిత్రమును పట్టికలోని ఊహాచిత్రములతో పోల్చు సీక్వెస్ట్ అను కార్యక్రమమును వ్రాసిరి. బీమన్ చదివినట్లు అక్షరమక్షరమును కూడబలుకుకొనవలసిన అవసరము తగ్గినది. చదువుట పోయి, పోల్చుట వచ్చినది. ఒక జీవిలోని ప్రొటీనుల సముదాయమునకు ప్రోటియోమ్ అను పేరును 1994లోనే మార్క్ విల్కిన్స్ అను యువ శాస్త్రజ్ఞుడు పెట్టెను. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను ఈ విధమైన పరిశోధనలు జరుగుచున్నవి.

పోల్చుటలో ఒక చిక్కు కలదు. మంచి పండితుడు తెలియని పద్యమును చూపినచో నాకు తెలియదనును. ఈ కార్యక్రమములు తమంతట తామట్లనవు. ప్రతి చిత్రమునకు పట్టికలో దగ్గరి పోలిక ఏదో ఒకటి దొరుకును, దానికి కొన్ని మార్కులును వచ్చును. లక్షల చిత్రములలో కొన్నింటికి కేవలము కాకతాళీయముగా మంచి మార్కులు పడును. నిజమైన దేది, కాకతాళీయ మేది?

ఇందుకు కనుగొన్న ఉపాయము మన సాహిత్యము తెలిసినవారికి ముచ్చట గొల్పును. మనలో అనులోమ విలోమ కావ్యములు కలవు. ముందునుండి చదివిన ఒక అర్థము, వెనుకనుండి చదివిన మరియొక అర్థము వచ్చునట్లు కవులు కూర్చినవి. ప్రొటీనులు అట్టి కవిత్వము గావు. వెనుకనుండి చదివినచో అట్టి ప్రొటీను ప్రకృతిలో ఉండదు. కనుక పట్టిక నంతటిని విలోమముగా వ్రాసి, అసలు పట్టికతో కలిపి కంప్యూటరునకు ఇత్తురు. విలోమ పట్టికలో దొరికిన ప్రతి పోలికయు నిస్సందేహముగా అబద్ధము. అబద్ధపు పోలికలు రెండు పట్టికలలోను సమానముగా పడునని అనుకొన్నచో, విలోమమున 100 పడినప్పుడు అసలు పట్టికలోని 10,000 పోలికలలోను సుమారు 100 అబద్ధములు దాగియున్నవని, అనగా నూటికి ఒకటియని తేలును. ఆ ఒకటి ఏదో తెలియదు. ఎన్ని యున్నవో తెలియును. హార్వర్డులోని ఎలియాస్, గిగి అనువారు 2007లో ఈ పద్ధతిని సమగ్రముగా వివరించిరి. తన తప్పును తానే లెక్కపెట్టుకొను ఇంతటి సులభమైన ఉపాయము ఇతర శాస్త్రములలో ఎన్నింటికి కలదో!

దీని అవసరము ఆ సంవత్సరమే బయటపడినది. 6 కోట్ల 80 లక్షల సంవత్సరముల నాటి టి. రెక్స్ రాక్షసబల్లి ఎముకలో ఏడు పెప్టైడులు దొరికినవనియు, అవి కోడి ప్రొటీనును పోలియున్నవనియు ఒక బృందము 2007లో ప్రకటించెను. పత్రికలన్నియు దానిని గొప్పగా వ్రాసినవి. మరుసటి సంవత్సరము పావెల్ పెవ్జ్‌నర్ మొదలైన గణనశాస్త్రజ్ఞులు, వెదకిన చిత్రములు ఎన్ని, పట్టిక ఎంత పెద్దది అని అడిగి, అంత వెదకినచో కాకతాళీయముగా కూడ కొన్ని దొరకవా యని ఆక్షేపించిరి. కొందరు మరల పరిశీలించి మొదటి బృందమును చాలవరకు సమర్థించిరి. ఆ వివాదము పూర్తిగా సమసిపోలేదు. బల్లి సంగతి ఎట్లున్నను, ఎన్ని చిత్రములలో వెదకితిరి అను ప్రశ్న మాత్రము స్థిరపడిపోయినది.

2014 మే నెలలో మానవ ప్రోటియోమునకు చిత్తుపటములు రెండు ఒకేసారి నేచర్ పత్రికలో వెలువడెను. ఒకటి జర్మనీలోని మ్యూనిక్ నగరమున కూస్టర్ బృందము చేసినది. మరియొకటి అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయమును, బెంగుళూరులోని జీవసమాచార సంస్థయు కలిసి అఖిలేశ్ పాండే నాయకత్వమున చేసినది. దీనిలో 30 విధములైన దేహభాగములను, కణములను తూచి, 17,294 జన్యువులకు చెందిన ప్రొటీనులను గుర్తించితిమని ప్రకటించిరి. మన దేశపు యువ పరిశోధకులు అనేకులు ఆ పనిలో పాల్గొనిరి; మనకు సంతోషకరమైన విషయమే. కాని ఆ సంవత్సరమే స్పెయిను దేశపు పరిశోధకులు ఒక చిన్న ప్రశ్న వేసిరి. వాసన పట్టుటకు మన ముక్కులో ప్రత్యేకమైన ప్రొటీనులు వందలకొలది ఉండవలెను. వానిలో వందకు పైగా ఈ పటములలో దొరికినట్లు ఉన్నది. మరి మీరు ముక్కు పొరను తూచితిరా? లేదు. ఏ ప్రయోగములోను ముక్కు లేదు. అయినచో కాలేయములోను, ఇతర భాగములలోను ముక్కు ప్రొటీనులు అన్ని ఎట్లు దొరకినవి? ఒక్కొక్క ప్రయోగములో నూటికి ఒకటిగా నున్న అబద్ధము, ఎన్నో ప్రయోగములను కలుపగా పేరుకొని పోయినదని తేలినది. నిజమైన ప్రొటీను ప్రతి ప్రయోగములోను మరల మరల అదియే దొరకును. అబద్ధము మాత్రము ప్రతిసారియు క్రొత్త పేరుతో వచ్చును.

ఆ తరువాత అంతర్జాతీయ మానవ ప్రోటియోమ్ ప్రణాళికవారు నియమములు బిగించిరి. తొమ్మిది అక్షరములకు తగ్గని పెప్టైడులు కనీసము రెండు, ఒకదానిలో ఒకటి ఇమిడి యుండనివి దొరికిననే ప్రొటీను ఉన్నట్లు ఒప్పుకొందురు. ఆ నియమములతో లెక్కించి, మానవ ప్రొటీనులలో నూటికి తొంబదికి పైగా గుర్తింపబడినవని 2020లో ప్రకటించిరి. జన్యువుల పట్టికలో పేరుండియు ఏ త్రాసునకును నమ్మదగినట్లు ఇంకను చిక్కని శేషములో, ముక్కునకు వాసన తెలియజేయు ఆ ప్రొటీనులును ఎన్నో ఉన్నవి.